నీలం గిన్నె బరువు 212

ఫిబ్రవరి 11, సోమవారం

బరువు 86.4. కాలేయంలో కొవ్వు నూటికి ముప్పై రెండు వంతులు.

పదిలోపుకి దిగితే నా కాలేయంలో ముక్క కోసి మా బావమరిది కీతేకి పెడతారు. దిగకపోతే పెట్టరు. పుసాన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. కొవ్వు దిగడానికి గడువు పద్నాలుగు వారాలు. అంతకన్నా కీతే ఆగలేడు. వాళ్లావిడ కాలేయం చిన్నది, సరిపోదన్నారు. కూతురికి పన్నెండేళ్లు. ఇంకెవరూ లేరు.

కీతేకి ఇంకా చెప్పలేదు. వాళ్లావిడా నేనూ అనుకున్నాం, అంతే.

లేచి వచ్చేస్తుంటే డాక్టరమ్మ పాత ఫైలు తిరగేసి, ఈసారి కడుపు మాడ్చుకోవద్దు అంది. తెలుసన్నాను.

నా భార్య సన్‌హ్వా గురించి ఇందులో రాయను.

ఫిబ్రవరి 12

చేపల మార్కెట్టు వెనక, వలలమ్మే దుకాణం పైన జిమ్. నడిపేది క్వాక్ అనే ఆవిడ. యాభై నాలుగేళ్లు. ఒకప్పుడు రాష్ట్ర జట్టు తరఫున బరువులెత్తిందట. మెడా భుజమూ ఒకటే దిమ్మ.

"దేనికొచ్చారు మెంబరుగారూ?"

ప్యాంట్లు పట్టడం లేదన్నాను.

"కొత్తవి కొనుక్కుంటే ఇంతకన్నా చవక కదా."

నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. కాళ్ల కింద పళ్లెమూ చేతుల్లో పిడులూ ఉన్న యంత్రం మీద నిలబెట్టి కొవ్వెంతో కండెంతో వేరువేరుగా తీసింది. కండ 31.8 కిలోలు. కాగితం వెనక లెక్క వేసింది. నేను రోజుకి ఖర్చుపెట్టేది ఇంచుమించు రెండువేల నాలుగు వందల కేలరీలు. పంతొమ్మిది వందలు తినాలి. అందులో ప్రొటీను నూట నలభై గ్రాములు. వారానికి నాలుగు రోజులు బరువులు. తగ్గేది వారానికి అరకిలో, అంతకు మించి కాదు.

నేను తొమ్మిది వందలు తిందామనుకుంటున్నానని చెప్పాను.

"మా అమ్మ తింటుంది అంత. ఆవిడకి ఎనభై తొమ్మిది. మంచం దిగదు."

తిండి తగ్గిస్తే ఒళ్లు కొవ్వునీ కండనీ కలిపి తినేస్తుందట. పనిలేని కండ ముందు పోతుందట. పని చెప్పి, ప్రొటీను పెడితే కండ జోలికి పోకుండా కొవ్వు మీద పడుతుందట. ఇదంతా నేను చదువుకున్నవాడినే. పోయినేడు కూడా చదివాను.

ఉత్త ఇనపకడ్డీ ఎత్తాను. ఇరవై కిలోలు. నాలుగోసారికి దించేశాను.

ఫిబ్రవరి 13

పై అర వెతికితే కాటా దొరికింది. దానిమీద ఇంకా గిన్నెల బరువులు రాసిన ఆ టేపు ఉంది. నీలం గిన్నె 212. తెల్లగిన్నె 187. మూతగిన్నె 340. జబ్బుకి పథ్యంగా ఉప్పు తూచుకునేటప్పుడు గిన్నె బరువు ప్రతిసారీ తీసేయడం విసుగని రాసిపెట్టుకుంది.

ఆమె గురించి రాయనన్నాను. గిన్నె గురించి రాశానంతే.

ఫిబ్రవరి 20

కోడి రొమ్ముమాంసం పొద్దున 150, మధ్యాహ్నం 150. గుడ్లు మూడు. టోఫు సగం అచ్చు. కానాగంత చేప ముక్క. అన్నం నీలం గిన్నెలో సగం. ప్రొటీను 138.

రొమ్ముమాంసానికి రుచి లేదు. మంచిదే. రుచి కోసం తినడం లేదు.

ఫిబ్రవరి 27

140.

మార్చి 4

షిప్‌యార్డులో మా సెక్షన్ విందు. పంది పొట్టమాంసం పొయ్యి మీద చిటపటలాడుతోంది. మిన్ మేనేజరు సోజు సారా పోసి రెండు చేతులతో అందించాడు. వద్దన్నాను. పెద్దవాడు పోస్తే వద్దనకూడదు. 

"ఏంటోయ్ జేగ్యు, పెళ్లిచూపులేమైనా ఉన్నాయా?"

ఆవిడ పోయి ఏడాది కూడా తిరగలేదు కదండీ అని ఎవరో గొణిగారు. మిన్ ముఖం ఎర్రబడింది. అతను చెడ్డవాడు కాదు. కొవ్వు లేని ముక్కలు ఏరుకుని తింటున్నానని, నా గ్లాసులో ఉన్నది మంచినీళ్లని బల్ల చివరిదాకా చెప్పుకున్నారు. ప్యాంట్ల సంగతి చెప్పాను. నమ్మారు. మనుషులు ప్యాంట్లని తేలిగ్గా నమ్ముతారు.

మార్చి 15

84.1. నేల మీంచి డెబ్భై కిలోలు ఎత్తాను. క్వాక్ కోచ్ అంకె రాసుకుని వెళ్లిపోయింది. పక్కన ఎత్తుతున్న చేపల దుకాణం ఆవిడ మాత్రం, "ఈయన వచ్చినప్పుడు చీపురు కూడా ఎత్తేలా లేడు" అంది.

కీతే పొట్టలో నీళ్లు చేరాయని వాళ్లావిడ ఫోను. రెండు లీటర్లు తీశారట.

మార్చి 22

83.5.

మార్చి 24

83.5.

మార్చి 26

83.6. పెరిగింది. పంతొమ్మిది వందలు తింటే ఎవడైనా పెరుగుతాడు.

ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, నీళ్లు పట్టడం వల్ల అట్లా కనిపిస్తుంది అంది కోచ్. ఆవిడకి ప్యాంట్లంటే తొందరేముంది.

మార్చి 27

రాత్రి భోజనం మానేశాను. ఆకలి లేక.

మార్చి 29

ఆకలి లేదు.

ఏప్రిల్ 1

82.3. కోచ్ అడిగితే 140 అని చెప్పాను.

ఏప్రిల్ 3

81.9. చూశారా.

ఏప్రిల్ 5

81.6.

పోయిన వారం ఐదుసార్లు ఎత్తిన ఎనభై కిలోలు ఇవాళ నేల వదల్లేదు. రెండోసారి ప్రయత్నిస్తే కళ్ల ముందు నల్లబడింది. క్వాక్ కోచ్ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, యంత్రం మీద నిలబెట్టి, కాగితం తీసి నా ఒళ్లో పడేసింది. ఈ పది రోజుల్లో తగ్గిన రెండు కిలోలలో కిలోకి పైన కండే. 30.6.

"మీరు తినడం లేదు."

తింటున్నాను అన్నాను.

"నా ముందు వద్దు. ముప్పై ఏళ్లుగా మనుషుల వీపులు చూస్తున్నాను నేను. బరువు తగ్గమని మీకెవరు చెప్పారు? కొవ్వు తగ్గమని చెప్పారా, బరువు తగ్గమని చెప్పారా?"

కొవ్వు, అన్నాను. ఎక్కడి కొవ్వు అంది. చెప్పాను. ప్యాంట్లు కాదని చెప్పాను. మొత్తం చెప్పేదాకా కడ్డీ ముట్టుకోనివ్వలేదు.

ఇక్కడ కూడా రాసేస్తాను. ఒక్కసారే.

పోయినేడు ఫిబ్రవరిలో సన్‌హ్వాకి కాలేయం ఇవ్వాలంటే ఎనిమిది కిలోలు తగ్గమన్నారు. నేను పదకొండు తగ్గాను, ఏడు వారాల్లో. పొద్దున గంజి, సాయంత్రం దోసకాయ. వానకోటు వేసుకుని షిప్‌యార్డు మెట్లెక్కేవాడిని. మధ్యాహ్నం పన్నెండూ పదికి ఆమె ఆసుపత్రి నుంచి రోజూ అడిగేది, తిన్నావా అని. తిన్నాను అనేవాడిని. నలభై తొమ్మిది రోజులు చెప్పాను ఆ మాట. తుది పరీక్ష రోజున ఆసుపత్రి వరండాలో పడిపోయాను. కండ కరిగిపోయింది, రక్తంలో కాలేయం అంకెలు మూడింతలయ్యాయి, ముందు మీకే వైద్యం కావాలన్నారు. ఆమె పక్క మంచం మీదే నాకు సెలైను పెట్టారు. నా చొక్కా కాలరులో రెండు వేళ్లు దూర్చి చూసి, "రేపట్నుంచైనా నిజం చెప్పు" అంది. పంతొమ్మిది రోజులకి పోయింది.

నా ఉద్యోగం ఓడల వెల్డింగు అతుకులకు తీసిన ఎక్స్‌రేలు చూడడం. ఇరవై మూడేళ్లుగా పైకి నున్నగా కనిపించే అతుకును ఒక్కసారి కూడా నమ్మలేదు. స్నానాలగది త్రాసును నమ్మాను. రెండుసార్లు.

 క్వాక్ కోచ్ గదిలోకి వెళ్లి నాలుగు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చింది. "తినండి. నేను చూస్తుంటే తినండి" అంది. తిన్నాను. ఉప్పు కూడా ఇవ్వలేదు.

ఏప్రిల్ 6

పంతొమ్మిది వందలు. 146.

ఏప్రిల్ 9

పంతొమ్మిది వందలు. 141. త్రాసు 82.8. పెరగనీ.

ఏప్రిల్ 13, శనివారం

కీతేకి తెలిసిపోయింది. వాళ్లావిడ చెప్పక తప్పలేదట.

కీతే ఊరు తోంగ్యంగ్ వెళ్లాను. వాడి ఆల్చిప్పల షెడ్డులో సీజను చివరి సరుకు వలుస్తున్నారు. ఆడవాళ్లు బారుగా కూర్చుని కత్తులతో చిప్పలు విప్పుతున్నారు. కీతే ప్లాస్టిక్ బుట్ట మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు పసుపు. నా పెళ్లినాడు ఆచారం ప్రకారం కొయ్యబాతుని మోసిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడి చేతులు ఇప్పుడు నావాటి కన్నా సన్నం.

నన్ను చూసి లేవలేదు.

"అప్పుడు అక్కకి ఇవ్వలేకపోయారు. ఇప్పుడు నాకిచ్చి సరిపెట్టుకుందామనా బావా?"

కత్తుల చప్పుడు ఆగింది.  

"నాకొద్దు. మీ ముక్క లోపల పెట్టుకుని రోజూ ఫొటోలో అక్క మొహం చూడలేను నేను."

వద్దన్నా పరీక్షకి వెళ్తానని చెప్పాను. వెళ్లుకోండి, నేను సంతకం పెట్టను అన్నాడు. పెట్టకు అన్నాను. అట్లా వాదించుకుంటూనే వాళ్లావిడ ఇచ్చిన ఆల్చిప్పల సంచి తీసుకుని వచ్చేశాను. ఉడకబెట్టాక రెండొందల గ్రాములు. ప్రొటీను ఇరవైకి అటూఇటూ.

వాడన్నది నిజమేనా అని ఆలోచిస్తున్నాను. సరిపెట్టుకోవడానికే కావచ్చు. అయితే ఏం. సరిపెట్టుకునేవాడి కాలేయం తక్కువగా పనిచేస్తుందా.

ఏప్రిల్ 14

ఎనభై కిలోలు లేచింది.

ఏప్రిల్ 22

క్వాక్ కోచ్ నా నుంచి ఈ నెల రుసుము తీసుకోనంది. తీసుకోకపోతే రానన్నాను. తీసుకుంది. గుడ్లకి మాత్రం డబ్బు తీసుకోదు.

ఏప్రిల్ 26, శుక్రవారం

సన్‌హ్వా మొదటి సంవత్సరీకం.

పిల్లలు లేరు కాబట్టి నేనే చేయాలి. అన్నయ్య చిన్‌జు నుంచి వచ్చాడు, వదిన కూడా. అర్ధరాత్రి చేయాలని అన్నయ్య, సాయంత్రం ఏడింటికని నేను. ఏడింటికే చేశాం. వంట నేనే చేశాను. కారం, వెల్లుల్లి వేయకుండా చేప, టోఫు, గుడ్డు, పుల్లలకి గుచ్చి కాల్చిన గోమాంసం, ముల్లంగి చారు. ఆమె ఫొటో ముందు బల్ల నింపి చూస్తే ఇదంతా క్వాక్ కోచ్ రాసిచ్చిన కాగితంలాగే ఉంది.

భర్త భార్యకి వంగక్కర్లేదు, నిలబడి మధువు పోస్తే చాలన్నాడు అన్నయ్య. రెండుసార్లు నేలకి నుదురు ఆనించి మొక్కాను. ఆయన గోడవైపు చూశాడు.

అన్నం గిన్నెలో చెంచా గుచ్చి అందరం తలవంచుకుని నిలబడి ఉండగా తలుపు తెరుచుకుంది. కీతే. నల్ల సూటు భుజాల మీంచి జారుతోంది. చేతిలో చిన్న డబ్బా. నేను పిలవలేదు. వాడూ ఎవరికీ చెప్పలేదు. మధువు పోసి మొక్కి లేవడానికి గోడ పట్టుకున్నాడు.

తర్వాత భోజనాలు. పోయినవాళ్లకి పెట్టింది ఉన్నవాళ్లు తినాలి, వాళ్లకి పోసిన మధువు ఇంటివాడు తాగాలి. అన్నయ్య ఆ గిన్నె నాకు అందించాడు. వద్దన్నాను. విందులో మేనేజరు చేతిది వద్దనడం వేరు. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వదిన పళ్లాలు సర్దుతున్నట్టు నటించింది.

"నీ భార్యకి పోసింది. తాగకపోతే ఆమెని కాదన్నట్టే."

ఆమె కోసమే తాగడం లేదన్నాను. అర్థం కాలేదు ఆయనకి. సరే, ఆమె తోడబుట్టినవాడన్నా తాగాలి అని అదే గిన్నె కీతే వైపు తిప్పాడు. తన జబ్బు సంగతి మా వాళ్ల దగ్గర కీతే దాచాడు. పెద్దవాడిచ్చింది తీసుకోక తప్పదని రెండు చేతులూ చాచాడు కూడా. నేను ఆ గిన్నె మధ్యలో అందుకుని, తిరిగి పాత్రలో పోసేశాను. అట్లా చేసినవాడు మా వంశంలో లేడట. అయితే ఒకడు ఉన్నాడిప్పుడు.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. వాడి జబ్బు, నా కాలేయం, రెండూ.

అన్నయ్య గొంతు తగ్గించి మాట్లాడాడు. అరిచి ఉంటే నయం. "ఆమె పోయింది. ఆ ఇంటికీ మనకీ ఇక ఏముంది? నువ్వు పోతే నీకు ఏడాదికోసారి అన్నం పెట్టే కొడుకు కూడా లేడు. ఎవరి కోసం కోసుకుంటావు?"

"నా బావమరిది కోసం" అన్నాను.

లేచి వంటింట్లోంచి కాటా తెచ్చాను. నీలం గిన్నె పెట్టాను. 212. చేప ముక్క వేశాను, టోఫు వేశాను, పుల్లల నుంచి మాంసం తీసి వేశాను. సంవత్సరీకం భోజనం తూకం వేసుకుని తింటావా అని అన్నయ్య. వేసుకుంటానన్నాను. నేను ఇంతవరకు ఆయనకి ఎదురు చెప్పింది రెండుసార్లే, రెండూ సన్‌హ్వా గురించే. మొదటిది పెళ్లి.

ఆయన కోటు తీసుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు. వదిన వెళ్తూ వెళ్తూ మిగిలిన గుడ్డట్లు రెండు నా గిన్నెలో వేసి, "ఇవీ తూచుకో" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో చూడలేదు.

ఇద్దరం మిగిలాం. కీతే కాటా మీది టేపు చదువుతున్నాడు.

"అక్క రాసిందా?"

ఔనన్నాను. ఉప్పు తూచుకునేదని చెప్పాను. 212లో చివరి రెండు మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. ఆమె రెండు ఎప్పుడూ బాతులాగే రాస్తుంది.

తన డబ్బా విప్పాడు. ఉడకబెట్టిన ఆల్చిప్పలు. అక్కకి ఇష్టమని ఫొటో ముందు పెట్టడానికి తెచ్చి, మా అన్నయ్యని చూసి పెట్టలేకపోయాడట. కొన్ని ఆమె ముందు పెట్టాడు. మిగతావి గరిటెతో తీసి నా గిన్నె మీద పట్టుకుని ఆగాడు.

"ఎంత కావాలి బావా?"

వంద అన్నాను. అంకె 312 అయ్యేదాకా ఒక్కొక్కటే వేశాడు. గిన్నెలో ముందే ఉన్నవన్నీ పక్క పళ్లెంలోకి తీసి మరీ వేశాడు. వాళ్లక్కలాగే.

ఏప్రిల్ 27

నిన్న తిన్నది 171. ఎక్కువైంది. కానివ్వు.

మే 9

అవయవదానం అనుమతి కోసం మాట్లాడే అధికారిణి వచ్చింది. కీతే సంతకం పెట్టాడు. రక్తసంబంధం కాదు కాబట్టి ఫొటోలు అడిగారు. పెళ్లి ఫొటో ఇచ్చాను, కొయ్యబాతుతో కీతే ఉన్నది. డబ్బేమైనా ఇస్తామన్నారా అని అడిగింది. ఆల్చిప్పలు ఇచ్చాడన్నాను. రాసుకోలేదు.

భార్య లేనప్పుడు ఈయన మీకేమవుతారు అని అడిగింది. బావమరిది అన్నాను. అంటే ఇప్పుడు అంది. ఇప్పుడూ అన్నాను.

మే 17

తొంభై ఐదు కిలోలు. మూడుసార్లు. చేపల దుకాణం ఆవిడ చప్పట్లు కొట్టింది. క్వాక్ కోచ్ ఆమెని పని చూసుకోమంది.

మే 20

79.4. కండ 32.3. మొదటి రోజుకన్నా ఎక్కువ.

ఇవి నాకు తెలిసిన అంకెలు. కాలేయం లోపలి కొవ్వెంతో తెలియదు. అతుకు లోపల ఏముందో ఫిల్ము కడిగితేనే తెలుస్తుంది.

మే 21, మంగళవారం

ఎనిమిది.

డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. పాత ఫైలు పక్కన పెట్టి మూడోసారి చూసింది. ఏం చేశారని అడిగింది.

"తిన్నాను."

వరండాలో, పోయినేడు పడిపోయిన చోట, కాసేపు నిలబడ్డాను. ఏమీ జరగలేదు. నేల నేలలాగే ఉంది.

మే 22

అన్నయ్య ఫోను చేశాడు. ఆపరేషను ఎప్పుడని అడిగాడు. చెప్పాను. సరే అని పెట్టేశాడు. సాయంత్రం ఐస్ పెట్టెలో కొవ్వు తీసిన గోమాంసం వచ్చింది, మూడు కిలోలు. ఉత్తరం లేదు. వదిన చేతిరాతతో ప్రతి పొట్లం మీదా గ్రాములు రాసి ఉన్నాయి.

జూన్ 12

ఆసుపత్రి. కీతే పై అంతస్తులో ఉన్నాడు. క్వాక్ కోచ్ వచ్చి ఒక కాగితం ఇచ్చింది. కోసిన కాలేయం తిరిగి పెరగాలంటే ఎంత తినాలో, ఎన్నో వారం నుంచి నడవాలో, ఎన్నో నెల వరకు కడ్డీ ముట్టుకోకూడదో అందులో ఉంది. డాక్టరుకి చూపించే తెచ్చిందట. చివర్లో, ఎగ్గొడితే తెలిసిపోతుంది అని రాసింది.

ఇద్దరికీ బతకడానికి సరిపడా కాలేయం ఉందన్నారు డాక్టర్లు. కానీ పొట్ట తెరిచాక ఏమైనా జరగొచ్చన్నారు. దానికీ సంతకం పెట్టాను.

జూన్ 13, గురువారం

పొద్దున ఆరు. నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా లేవు. ఇవాళ ఈ పుస్తకంలో ప్రొటీను గడిలో సున్నా.

ఫోను మోగింది. పై అంతస్తు నుంచి కీతే.

"తిన్నారా బావా?"

లేదన్నాను.

"నేనూ లేదు."

 అటువైపు స్ట్రెచర్ బండి చక్రాల చప్పుడు వినిపించింది. ఆపరేషను బల్ల దిగాక కలుద్దాం అన్నాడు. సరే అన్నాను.

నా బండి కూడా తలుపు దగ్గరికి వచ్చింది. నర్సు పుస్తకం ఇచ్చేయమంటోంది. ఒక్క వాక్యం ఆగమన్నాను.

సన్‌హ్వా, ఇవాళ తినలేదు. నిజం.